మే నెల వంటింట్లో విప్డ్ క్రీమ్ ఎందుకు నిలబడదు

మే నెల మధ్యాహ్నం నెల్లూరులోనో ఒంగోలులోనో వంటింట్లో థర్మామీటర్ పెడితే 35 డిగ్రీలకు పైనే చూపిస్తుంది. పాలలోని కొవ్వు 37 నుంచి 40 డిగ్రీల మధ్య పూర్తిగా కరిగిపోతుంది. 35 దగ్గరికి వచ్చేసరికే అందులో గట్టిగా మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. విప్డ్ క్రీమ్‌ని, అంటే గాలి చేరేలా గిలక్కొట్టి పొంగించిన క్రీమ్‌ని, నిలబెట్టేది ఆ గట్టి కొవ్వే. వీడియోలో నాలుగు నిమిషాల్లో పొంగిన క్రీమ్ మన ఇంట్లో అరగంట కొట్టినా పల్చగానే ఎందుకు ఉండిపోతుందో ఈ లెక్కతో సగం తేలిపోతుంది. మిగతా సగం డబ్బా మీద అచ్చువేసిన వెన్న (పాల కొవ్వు) శాతంలో ఉంటుంది.

క్రీమ్ రాకపోతే బీటర్ మంచిది కాదనో, చెయ్యి తిరగలేదనో అనుకోవడం మామూలే. నిజానికి వాటి పాత్ర చాలా తక్కువ. వెన్న 30 శాతం దాటిన క్రీమ్ 5 డిగ్రీల దగ్గర ఉంటే చేతి విస్క్‌తో కొట్టినా పొంగుతుంది. వెన్న 25 శాతమే ఉంటే, లేదా క్రీమ్ 15 డిగ్రీలకు చేరితే, ఎంత ఖరీదైన మిషన్ పెట్టినా పొంగదు. ఈ రెండూ కుదిరాక మూడో సమస్య ఫ్లేవర్‌తో వస్తుంది. దానికి కారణం రుచి కోసం కలిపే పదార్థాలతో పాటు లోపలికి వెళ్లే నీరు.

గాలిని పట్టి ఉంచేది ఏమిటి

క్రీమ్ అంటే నీటిలో చెదిరి ఉన్న అతి సన్నని కొవ్వు బిందువులు. ఒక్కో బిందువు చుట్టూ ప్రొటీన్లు, ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వు పదార్థాలతో పల్చటి పొర ఉంటుంది. ఆ పొర చెక్కుచెదరనంతసేపు బిందువులు ఒకదానికొకటి అంటుకోవు. గిలక్కొడుతుంటే గాలి బుడగలు లోపలికి చేరతాయి, కొవ్వు బిందువుల పొర అక్కడక్కడ చిరుగుతుంది. చిరిగినచోట పక్కపక్క బిందువులు కొంచెం కొంచెం అతుక్కుని బుడగ చుట్టూ గొలుసు కడతాయి. గొలుసు కట్టాలంటే లోపలి కొవ్వు కొంత గట్టిగా, కొంత మెత్తగా ఉండాలి. మొత్తం కరిగి ఉంటే బిందువులు కలిసిపోయి పెద్ద నూనె చుక్క అవుతాయి, బుడగ పగిలిపోతుంది. 5 డిగ్రీల దగ్గర పాల కొవ్వులో దాదాపు సగం గడ్డకట్టి ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర ఐదో వంతుకు మించి ఉండదు.

కవ్వంతో వెన్న తీసే ఇళ్లలో ఈ సంగతి పాతదే. ఎండాకాలం తెల్లవారుజామునే చిలుకుతారు, మధ్యలో చల్లనీళ్లు పోస్తారు. చలికాలం గోరువెచ్చని నీళ్లు పోస్తారు. కొవ్వు ముద్ద కట్టడానికి కావాల్సిన ఉష్ణోగ్రతకు తెచ్చుకోవడమే ఆ నీళ్ల పని. విప్డ్ క్రీమ్‌లోనూ జరిగేది అదే చిలకడం. కాకపోతే వెన్న పడకముందే చెయ్యి ఆపాలి.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. క్రీమ్ చల్లబడటం వేరు, అందులో కొవ్వు గడ్డకట్టడం వేరు. ఫ్రీజర్‌లో గంటసేపు పెడితే క్రీమ్ 5 డిగ్రీలకు వస్తుంది. కానీ కొవ్వు స్ఫటికాలు కుదురుకోవడానికి గంటలు పడుతుంది. షాపు నుంచి ఎండలో తెచ్చిన ప్యాకెట్‌ని ఫ్రీజర్‌లో పడేసి, అరగంటకు తీసి కొడితే రాకపోవడానికి కారణం ఇదే. ఫ్రిజ్‌లో కనీసం 8 గంటలు, వీలైతే ముందురోజు రాత్రి నుంచి ఉంచాలి. ఫ్రీజర్‌లో ఎక్కువసేపు మరిచిపోతే ఇంకో ఇబ్బంది: మంచు స్ఫటికాలు కొవ్వు బిందువుల పొరను కోసేస్తాయి. కరిగాక క్రీమ్ పలుకులు పలుకులుగా విడిపోతుంది, అది ఇక పొంగదు.

ఏ క్రీమ్, ఎంత వెన్న

ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం వెన్న 25 శాతం నుంచి ఉన్నది తక్కువ కొవ్వు క్రీమ్, 40 నుంచి మధ్యస్థం, 60 నుంచి అధికం. కిరాణా షాపుల్లో సులభంగా దొరికే టెట్రా ప్యాక్ ఫ్రెష్ క్రీమ్ 25 శాతం రకం. పనీర్ బటర్ మసాలాకు, ఫ్రూట్ సలాడ్‌కు అది చక్కగా సరిపోతుంది. కేకు మీద పూలు వేయడానికి పనికిరాదు. బాగా చల్లబరిచి కొడితే కొంచెం నురగకట్టి చిక్కబడుతుంది, అంతే. విప్పింగ్ క్రీమ్ అని రాసి ఉన్న డైరీ ప్యాకెట్లలో వెన్న 30 నుంచి 35 శాతం ఉంటుంది. ప్యాకెట్ ముందువైపు బొమ్మను కాకుండా వెనక పోషకాల పట్టీని చూడాలి. 100 గ్రాములకు మొత్తం కొవ్వు 30 గ్రాములకు తక్కువ ఉంటే పైపింగ్ (బ్యాగులోంచి నొక్కి పూలు వేయడం) ఆశ వదులుకోవడం మంచిది.

ఇంటి దగ్గర 25 శాతం ప్యాకెట్ తప్ప వేరే ఏదీ దొరకనప్పుడు దాన్ని పైకి లాగడానికి రెండు దారులు ఉన్నాయి. ఒకటి, ఉప్పు లేని వెన్న కలపడం. 200 మి.లీ. ఫ్రెష్ క్రీమ్‌కు 50 గ్రాముల వెన్న. వెన్నలో కొవ్వు 80 శాతం పైన ఉంటుంది కాబట్టి మిశ్రమం 36 శాతం దగ్గరికి చేరుతుంది. రెండూ కలిపి సన్నని సెగ మీద, ఉడకనివ్వకుండా, 60–65 డిగ్రీల దాకా వేడిచేయాలి. వేలు పెడితే చురుక్కుమనాలి, అంచుల్లో బుడగలు రాకూడదు. వెన్న కరిగాక మిక్సీ చిన్న జార్‌లో సగం వరకే పోసి, మూతను గుడ్డతో పట్టుకుని ఒకటి రెండు నిమిషాలు తిప్పాలి. జార్ నిండా పోస్తే ఆవిరికి మూత ఎగిరి చెయ్యి కాలుతుంది. తిప్పడం తగ్గితే కొవ్వు సన్నగా చెదరక, చల్లారాక పైన పసుపుపచ్చ బిళ్లలా తేలుతుంది. అలా తేలితే మళ్లీ వేడిచేసి మళ్లీ తిప్పాలి. తర్వాత రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాలి. ఇది సాఫ్ట్ పీక్ (పుల్ల పైకి తీస్తే కొన లేచి వంగే దశ) వరకు బాగానే వస్తుంది. అసలు విప్పింగ్ క్రీమ్ అంత గట్టిగా మాత్రం నిలవదు.

రెండోది వైట్ చాక్లెట్ దారి. 100 గ్రాముల వైట్ చాక్లెట్‌ని సన్నగా తరిగి, 200 మి.లీ. 25 శాతం క్రీమ్‌ను పొగలు వచ్చేదాకా వేడిచేసి దాని మీద పోసి, రెండు నిమిషాలు కదపకుండా ఉంచి, తర్వాత మధ్య నుంచి మెల్లగా కలపాలి. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి మర్నాడు కొడితే గట్టిగా నిలబడుతుంది. కోకో బటర్ పాల కొవ్వుకన్నా గట్టిది కాబట్టి ఎండకు కూడా కాస్త ఓర్చుకుంటుంది. చక్కెర అప్పటికే ఉంటుంది, వేరే వేయనక్కర్లేదు. 25 శాతం ప్యాకెట్‌తో చేయగలిగినవాటిలో ఇదే నమ్మకమైనది.

గేదె పాల క్రీమ్ సంగతి

ఒంగోలు గిత్తకు పేరు దుక్కికీ బరువుకీ. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇంటి పాడి మాత్రం ఎక్కువగా గేదెదే. పాల కేంద్రంలో రైతుకు డబ్బు వచ్చేది వెన్న శాతాన్ని బట్టే కాబట్టి ఆ లెక్క ఇక్కడ ఎవరికీ కొత్త కాదు. గేదె పాలలో వెన్న 6 నుంచి 8 శాతం దాకా ఉంటుంది. 10 లీటర్ల 7 శాతం పాలను సెపరేటర్‌లో (పాల నుంచి క్రీమ్‌ను వేరుచేసే మిషన్) తిప్పితే 40 శాతం క్రీమ్ 1.7 కిలోల వరకు వస్తుంది. టౌన్‌లో విప్పింగ్ క్రీమ్ కోసం వెతికేవాళ్లు పక్క ఊళ్లో పాల సెపరేటర్ ఉందేమో కనుక్కుంటే మంచి సరుకు దొరకొచ్చు. గేదె కొవ్వు ఆవు కొవ్వుకన్నా కాస్త గట్టిది. రంగు కూడా తెల్లగా ఉంటుంది, కేకుకు అది కలిసొచ్చే గుణం.

దీనికి మూడు షరతులు. మొదటిది తాజాదనం. ఎండాకాలం పాలు పితికిన కాసేపటికే పులుపెక్కడం మొదలవుతుంది. తెచ్చిన క్రీమ్‌లో ఒక చెంచా చిన్న గిన్నెలో వేడిచేసి చూడాలి. విరిగి పలుకులు కడితే అది నెయ్యికే పనికొస్తుంది. విరగకుండా నున్నగా ఉంటే మొత్తాన్ని మరుగుతున్న నీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి అందులో 80 డిగ్రీల దాకా వేడిచేసి, ఒక నిమిషం ఉంచి, వెంటనే ఐస్ నీళ్లలో చల్లబరచాలి. పచ్చి క్రీమ్‌ను అలాగే కొట్టి పిల్లలకు పెట్టడం మంచిది కాదు. మరగనిస్తే మీగడ తెట్టు కట్టి కాచిన వాసన వస్తుంది కాబట్టి 80 దగ్గరే ఆపాలి.

రెండోది చిక్కదనం. వెన్న, నెయ్యి కోసం తిప్పేవాళ్లు మిషన్‌ను బాగా చిక్కటి క్రీమ్ వచ్చేలా బిగిస్తారు. అది 50 శాతానికి పోతే కొట్టిన నిమిషంలోనే వెన్న పడుతుంది. అలాంటి క్రీమ్ 300 గ్రాములకు 6 శాతం ఫుల్ క్రీమ్ పాలు 150 మి.లీ. కలిపితే 35 శాతానికి దిగుతుంది. వేడిచేసేటప్పుడే కలపాలి. చల్లారాక కలిపితే సరిగా కలవవు.

మూడోది వేగం. గేదె పాలలో కొవ్వు బిందువులు పెద్దవి. పెద్ద బిందువులు తొందరగా అతుక్కుంటాయి. సాఫ్ట్ పీక్‌కూ వెన్నకూ మధ్య ఆవు క్రీమ్‌లో ఉన్నంత వెసులుబాటు ఇందులో ఉండదు. చివరి నిమిషం బీటర్ ఆపేసి చేతి విస్క్‌తో ముగించడం మేలు.

కాచిన పాల మీద తీసి దాచిన మీగడతో ఇది అవుతుందా అని తరచూ వచ్చే ప్రశ్న. అవదు. మీగడలో వేడికి ముద్దకట్టిన ప్రొటీన్ ఉంటుంది, కొవ్వు బిందువులు అప్పటికే అతుక్కుని ఉంటాయి. కొడితే గాలి పట్టకుండా నేరుగా వెన్నలోకి దిగుతుంది. ప్యాకెట్ పాలను ఎంతసేపు నిలవ పెట్టినా పైన క్రీమ్ తేలకపోవడానికి కారణం వేరు: హోమోజినైజ్ చేసిన పాలలో కొవ్వు బిందువులు అతి సన్నగా చీలి ఉంటాయి.

నాన్ డైరీ: బేకరీ తెలుపు

బేకరీ కేకుల మీద కనిపించే తెల్లటి క్రీమ్ చాలాచోట్ల పాలది కాదు. పామ్ కెర్నెల్ (పామ్ గింజ) లాంటి నూనెను హైడ్రోజనేట్ చేసి, అంటే హైడ్రోజన్ కలిపి గట్టిపరచి, చక్కెర, స్టెబిలైజర్లు (నిలకడనిచ్చే పదార్థాలు) కలిపి, గడ్డకట్టించి అమ్మే నాన్ డైరీ టాపింగ్ అది. ఈ కొవ్వు పాల కొవ్వుకన్నా ఎక్కువ వేడికి ఓర్చుతుంది, మూడు నాలుగు రెట్లు పొంగుతుంది. అంగిలికి జిడ్డు అంటుకుని ఉండిపోవడానికీ అదే కారణం. నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ (గుండెకు హాని చేసే కొవ్వు) 2 శాతానికి మించకూడదన్న నిబంధన 2022 జనవరి నుంచి అమల్లో ఉంది కాబట్టి లేబుల్ లేని విడి సరుకు కొనకపోవడం మంచిది. రుచిలో డైరీ క్రీమ్‌కు ఇది సాటి రాదు. కానీ మే నెలలో ఏసీ లేని హాల్లో పుట్టినరోజు కేకు గంటసేపు నిలబడాలంటే వాస్తవంగా ఆలోచించి దీన్నే ఎంచుకోవడంలో తప్పు లేదు. సగం డైరీ, సగం నాన్ డైరీ కలిపి కొట్టేవాళ్లూ ఉన్నారు. రుచికీ నిలకడకీ మధ్య అది మంచి రాజీ.

దీనితో చెడేది ఎక్కువగా దారిలోనే. –18 డిగ్రీల దగ్గర ఉండాల్సిన ప్యాకెట్‌ను నెల్లూరులో కొని ఉదయగిరి బస్సులోనో, ఒంగోలులో కొని కనిగిరి బస్సులోనో రెండు మూడు గంటలు ఒళ్లో పెట్టుకుని తెస్తే ఇల్లు చేరేసరికి గోరువెచ్చగా ఉంటుంది. దాన్ని మళ్లీ గడ్డకట్టిస్తే లోపల నీరు, కొవ్వు విడిపోతాయి. చేపలు, రొయ్యలు ఐస్ వేసి పంపే థర్మోకోల్ పెట్టె దీనికి సరిగ్గా సరిపోతుంది. కాకపోతే కొత్తది కొనాలి. కొవ్వు వాసనను ఇట్టే పీల్చుకుంటుంది. తెచ్చాక ఫ్రీజర్‌లో పెట్టి, వాడే ముందురోజు కింది అరలోకి దించి 8 నుంచి 12 గంటలు కరగనివ్వాలి. ప్యాకెట్ నొక్కితే లోపల సన్నని ఐస్ రవ్వ తగలాలి. అప్పుడు కొట్టడం మొదలుపెట్టాలి. పూర్తిగా నీరై 10 డిగ్రీలు దాటితే మెత్తగా జారిపోతుంది. పెద్ద ప్యాకెట్ అయితే మొదటిసారి కాస్త కరిగినప్పుడే కావలసినంత డబ్బాల్లోకి పోసుకుని, మిగతాది వెంటనే ఫ్రీజర్‌లో పెట్టాలి.

కొట్టేటప్పుడు

ఇక్కడి నుంచి లెక్కలన్నీ 250 మి.లీ. డైరీ విప్పింగ్ క్రీమ్‌కు. కొట్టాక అది సుమారు అర లీటరు అవుతుంది, అర కిలో కేకుకు సరిపోతుంది.

క్రీమ్‌ను ఫ్రిజ్ తలుపు అరలో పెట్టకూడదు. ఎండాకాలం తలుపు తీసిన ప్రతిసారీ ఆ అర వేడెక్కుతుంది. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఫ్రీజర్ కింద ఉండే ట్రే అన్నిటికన్నా చల్లనిది, అక్కడ పెట్టాలి. మందపాటి స్టీలు గిన్నె, బీటర్ పుల్లలు కొట్టడానికి అరగంట ముందు ఫ్రీజర్‌లో ఉంచాలి. ప్లాస్టిక్ గిన్నె చలువను అందుకోదు. గిన్నె లోతుగా, అడుగు ఇరుకుగా ఉంటే పుల్లలు క్రీమ్‌లో మునుగుతాయి. వెడల్పు గిన్నెలో 250 మి.లీ. వేస్తే పుల్లలు పైపైన తిరిగి క్రీమ్‌ను గోడలకు చిమ్ముతాయి.

ఇంకో పెద్ద గిన్నెలో ఐస్ ముక్కలు, కొంచెం నీళ్లు పోసి దాని మీద స్టీలు గిన్నె కూర్చోబెట్టాలి. ఒట్టి ఐస్ ముక్కలైతే గిన్నెకు అక్కడక్కడే తగులుతాయి, నీళ్లుంటే చుట్టూ ఆనుకుంటుంది. ఇంకా చల్లగా ఉంటుందని ఐస్‌లో ఉప్పు వేయడం అనవసరం. కుల్ఫీకి అది పనికొస్తుంది గానీ ఇక్కడ అడుగున క్రీమ్ గడ్డకట్టి పలుకులు తేలతాయి. ఉక్క ఎక్కువగా ఉన్న రోజు చల్లటి గిన్నె అంచుకు నీటి చుక్కలు పడతాయి. అవి లోపలికి జారకుండా పొడిగుడ్డతో తుడుస్తూ ఉండాలి. ఫ్యాన్ గాలి గిన్నె మీదికి తగలకుండా చూసుకోవాలి. చక్కెర పొడి ఎగరడం ఒక్కటే కాదు, వేడిగాలి క్రీమ్‌లోని ఆ కాస్త చలువను కూడా లాగేస్తుంది. పొద్దున ఐదున్నరకు కొట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోవడమే అన్నిటికన్నా తేలిక.

చక్కెర పొడి 2 టేబుల్ స్పూన్లు చాలు. కేకు తీపిగా ఉంటే ఒకటిన్నర. ఇంట్లో మిక్సీలో పొడి చేసుకుంటే అది వేడిగా వస్తుంది. చల్లారాక సన్నటి జల్లెడ పట్టి వాడాలి. లేకపోతే పలుకులు నాలుకకు తగులుతాయి. కొన్న ఐసింగ్ షుగర్‌లో గడ్డకట్టకుండా మొక్కజొన్న పిండి కలిపి ఉంటుంది, అది నీటిని పీల్చుకుని కాస్త నిలకడనిస్తుంది. ఇంటి పొడిలో ఒక టీస్పూన్ కార్న్‌ఫ్లోర్ కలుపుకుంటే ఆ లోటు తీరుతుంది.

బీటర్ మొదట తక్కువ వేగంలో ఒక నిమిషం. పైన పెద్ద బుడగలు వచ్చి చిన్నవవుతాయి. తర్వాత మధ్య వేగం. క్రీమ్ మజ్జిగ కన్నా చిక్కబడి, పుల్ల వెనక గీత పడి వెంటనే మూసుకుపోతుంటే అది చక్కెర, ఎసెన్స్ వేసే సమయం. మొదట్లోనే చక్కెర మొత్తం వేస్తే పొంగు తక్కువ వస్తుంది, ఎక్కువసేపు కొట్టాలి. ఇంకో నిమిషానికి గీతలు చెదరకుండా నిలుస్తాయి. బీటర్ ఆపి పుల్ల పైకి తీస్తే కొన లేచి వంగిపోతుంది. అది సాఫ్ట్ పీక్. పుడ్డింగ్ మీద వేయడానికి, పండ్లలో కలపడానికి ఇది చాలు. ఇంకో 20 నుంచి 40 సెకన్లకు కొన వంగకుండా నిలబడుతుంది, గిన్నె వంచినా క్రీమ్ కదలదు. అది స్టిఫ్ పీక్, పైపింగ్‌కు ఇదే కావాలి. మొత్తం నాలుగైదు నిమిషాల పని. అన్నిటికన్నా పై వేగం ఎప్పుడూ అవసరం రాదు: అది పెద్ద బుడగలు చేస్తుంది, అవి ముందు పగిలేవి.

పైపింగ్ బ్యాగులో వేశాక చేతి వేడికి కూడా క్రీమ్ మారుతుంది. నాజిల్ గుండా నెట్టడమే ఇంకొంచెం చిలకడం. అందుకే స్టిఫ్ పీక్‌కు ఒక అడుగు ముందే ఆపి బ్యాగులో నింపితే పూలు అంచులు చిట్లకుండా వస్తాయి. ఒకేసారి బ్యాగు నిండా నింపకుండా రెండు మూడు గరిటెల చొప్పున వేసుకుని మిగతాది ఐస్ మీదే ఉంచాలి.

మెరుపు పోయి పైన గరుకు కనిపించిందంటే ఎక్కువ కొట్టినట్టు. అప్పటికీ పోయింది లేదు. రెండు మూడు టేబుల్ స్పూన్ల చల్లటి ద్రవ క్రీమ్ పోసి, బీటర్ ముట్టకుండా గరిటెతో కింది నుంచి పైకి మడుస్తూ కలిపితే మళ్లీ నున్నబడుతుంది. ఇందుకోసం ప్యాకెట్‌లో కొంచెం మిగుల్చుకోవాలి. అడుగున నీళ్లు వదిలి పసుపు ముద్దలు కనిపిస్తే మాత్రం దారి మూసుకుపోయింది. ఇంకో నిమిషం కొట్టి వెన్న తీసుకోవడమే. చక్కెర వేసిన వెన్న బిస్కెట్లకు బాగుంటుంది, నెయ్యి కాచితే మాడుతుంది. క్రీమ్ అసలు చిక్కబడకపోతే కొడుతూనే ఉండటం తప్పు. గిన్నెతో సహా ఫ్రిజ్‌లో గంట ఉంచి మళ్లీ మొదలుపెట్టాలి. మధ్యలో కరెంటు పోతే కూడా అదే. సాఫ్ట్ పీక్ దగ్గర ఉంటే చేతి విస్క్‌తో రెండు నిమిషాల్లో ముగుస్తుంది. మిక్సీలో కొట్టాలనుకుంటే విప్పర్ బ్లేడుతో, జార్ కూడా చల్లబరిచి, రెండు సెకన్ల చొప్పున ఆపి ఆపి తిప్పాలి. మామూలు బ్లేడు పది సెకన్లలో వెన్న చేస్తుంది.

ఫ్లేవర్: నీటితోనే పేచీ

కొవ్వు వాసనను పట్టుకుంటుంది, నీరు గొలుసును తెంపుతుంది. ఏ ఫ్లేవర్ ఎలా వేయాలన్నది ఈ రెండిటి మధ్యే తేలుతుంది. ఎసెన్స్ అన్నిటికన్నా సులువు: వెనిలా అర టీస్పూన్. కోకో అయితే ఒకటిన్నర టేబుల్ స్పూన్లు జల్లెడ పట్టి, చక్కెరతో కలిపి వేయాలి. విడిగా వేస్తే ఉండలు కడుతుంది. కోకో క్రీమ్‌ను తొందరగా బిగిస్తుంది కాబట్టి అర నిమిషం ముందే ఆపాలి. ఇన్‌స్టంట్ కాఫీ ఒకటిన్నర టీస్పూన్లు అంతే వేడినీళ్లలో కరిగించి, పూర్తిగా చల్లార్చి వేయాలి. ఫిల్టర్ డికాషన్‌లో నీళ్లు ఎక్కువ. ఆ వాసనే కావాలంటే వేయించిన కాఫీ గింజలు 15 గ్రాములు కచ్చాపచ్చాగా దంచి చల్లటి క్రీమ్‌లో వేసి, మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో నానబెట్టి, వడకట్టి కొట్టాలి. రంగు దాదాపు మారదు, కాఫీ వాసన మాత్రం ఏ ఎసెన్స్ ఇవ్వనంత వస్తుంది. ఏలకులకు వేడి కావాలి: ఆరు కాయలు దంచి క్రీమ్‌లో వేసి పొగలు వచ్చేదాకా వేడిచేసి, అరగంట నానబెట్టి వడకట్టాలి. ఒకసారి వేడిచేసిన క్రీమ్ ఏదైనా మళ్లీ 8 గంటలు ఫ్రిజ్‌లో ఉండాల్సిందే, లోపలి స్ఫటికాలన్నీ కరిగిపోయి ఉంటాయి.

నిమ్మ ఈ ప్రాంతపు సరుకు. గూడూరు, పొదలకూరు మార్కెట్ల నుంచి ఎటు చూసినా బస్తాలే. క్రీమ్‌కు కావాల్సింది రసం కన్నా తొక్క. వాసననిచ్చే నూనె తొక్క పైపొరలో ఉంటుంది. రెండు కాయల పైపొరను సన్నటి తురుముపీటతో గీరాలి. కింది తెల్లపొర తగిలితే చేదు. ఆ తురుమును చక్కెర పొడిలో వేసి వేళ్లతో నలిపితే చక్కెర తడిగా, పచ్చగా మారి నూనె మొత్తం అందులోకి దిగుతుంది. ఆ చక్కెరనే క్రీమ్‌లో వేయాలి. పులుపు కావాలంటే రసం ఒక టీస్పూన్, అదీ సాఫ్ట్ పీక్ వచ్చాక. ఆమ్లం పాల ప్రొటీన్‌ను బిగించి క్రీమ్‌ను కాస్త గట్టిపరుస్తుంది. మోతాదు దాటితే, ముఖ్యంగా వెన్న తక్కువ ఉన్న క్రీమ్‌లో, పలుకులు కడుతుంది.

మామిడి గుజ్జు నేరుగా కలిపితే గంటలో నీరు వదులుతుంది. బంగినపల్లి గుజ్జు 200 గ్రాములు వెడల్పు పెనంలో సన్నసెగ మీద సగానికి దగ్గరపడేదాకా ఉడికించి, చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టి, స్టిఫ్ పీక్ వచ్చిన క్రీమ్‌లోకి మూడు విడతలుగా మడవాలి. సీతాఫలానికి ఈ పద్ధతి పనికిరాదు. దాని గుజ్జు వేడికి చేదెక్కుతుంది. గింజలు తీసిన పచ్చి గుజ్జును పల్చటి గుడ్డలో వేలాడదీసి, నీరు దిగాక 100 గ్రాములు కలపాలి. నల్లమల వైపు కాయ వచ్చే రోజుల్లో చేసుకోదగ్గ క్రీమ్ ఇది, ఎసెన్స్ ముట్టనక్కర్లేదు.

పైనాపిల్ కేకు అడగని పుట్టినరోజు ఉండదు, కానీ ఇంట్లో చెడేది ఎక్కువగా అదే. పచ్చి పైనాపిల్‌లోని బ్రోమెలైన్ అనే ఎంజైమ్ పాల ప్రొటీన్‌ను నరుకుతుంది. క్రీమ్ జారిపోవడమే కాదు, కొన్ని గంటల్లో చేదు కూడా వస్తుంది. జెలటిన్ వేసి ఉంటే దాన్నీ కరిగిస్తుంది. పచ్చి బొప్పాయి, కివి కూడా ఇదే కోవ. ముక్కలను చక్కెరతో ఐదారు నిమిషాలు ఉడికిస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది. డబ్బా పైనాపిల్ వేడిచేసి నింపిందే కాబట్టి భయం లేదు. రసం మొత్తం వడకట్టి, ముక్కలను గుడ్డ మీద ఆరబెట్టి వాడాలి.

బెల్లం, తాటిబెల్లం కలిపితే క్రీమ్‌కు వచ్చే రుచి చక్కెరతో రాదు. తురిమి నేరుగా వేస్తే గడ్డలు మిగులుతాయి, తడి వదులుతాయి. 40 గ్రాముల తాటిబెల్లాన్ని 2 టేబుల్ స్పూన్ల నీళ్లలో కరిగించి, వడకట్టి, తేనె కన్నా చిక్కటి పాకం వచ్చేదాకా కాచి, చల్లార్చి, సాఫ్ట్ పీక్ దగ్గర సన్నటి ధారగా పోయాలి. సుగంధి సిరప్, గులాబీ సిరప్ లాంటివి కూడా ఒక టేబుల్ స్పూన్ దాటకూడదు, ఆ మేరకు చక్కెర తగ్గించాలి.

నిలబెట్టడం, దాచడం

మర్నాటికి నిలవాలంటే రెండు టేబుల్ స్పూన్ల పాలపొడి చక్కెరతో కలిపి వేయడం సులువైన పద్ధతి. ఇంకా గట్టిగా కావాలంటే జెలటిన్: ఒక టీస్పూన్‌ను టేబుల్ స్పూన్ చల్లనీళ్లలో ఐదు నిమిషాలు నానబెట్టి, గిన్నెను వేడినీళ్లలో పెట్టి కరిగించి, గోరువెచ్చగా అయ్యాక సాఫ్ట్ పీక్ దగ్గర, బీటర్ తిరుగుతుండగా పోయాలి. వేడిగా పోస్తే కొవ్వు కరుగుతుంది, మరీ చల్లారాక పోస్తే తీగలు తీగలుగా గడ్డకడుతుంది. జెలటిన్ జంతువుల నుంచి తీసేది కాబట్టి శాకాహారుల ఇంట్లో ముందే చెప్పాలి. చైనా గ్రాస్ దానికి బదులు కాదు. అది 40 డిగ్రీల లోపే గట్టిపడుతుంది, చల్లటి క్రీమ్‌ను తాకగానే ఉండలవుతుంది. జెలటిన్‌కూ ఇక్కడ హద్దు ఉంది: 30 డిగ్రీలు దాటితే అదీ కరగడం మొదలుపెడుతుంది. ఫ్రిజ్‌లో ఉన్నంతసేపు అది నీరు వదలకుండా ఆపుతుంది, బల్ల మీద ఎండను మాత్రం ఆపలేదు. డైరీ క్రీమ్ కేకును ఎండాకాలం బయట గంటకు మించి ఉంచకూడదు. ఆకారం పోవడం చిన్న సమస్య, సూక్ష్మజీవులు పెరగడం పెద్దది.

ఫ్రిజ్‌లో మూత బిగించిన డబ్బాలోనే పెట్టాలి. నెల్లూరు ఇళ్లలో చేపల పులుసు మర్నాటికి దాచుకోవడం ఆనవాయితీ. తెరిచి ఉంచిన క్రీమ్ ఒక్క రాత్రిలో మామిడికాయ చేపల పులుసు వాసన పట్టేస్తుంది, ఎంత వెనిలా వేసినా పోదు. స్టెబిలైజర్ లేని క్రీమ్‌ను గిన్నె మీద జల్లెడ పెట్టి, పల్చటి గుడ్డ పరిచి అందులో ఉంచి, పైన మూతపెడితే వదిలిన నీరు కిందికి దిగి పైన క్రీమ్ ఒక రోజు వరకు బాగుంటుంది. మిగిలింది పారేయనక్కర్లేదు. బటర్ పేపర్ మీద చెంచాడు చెంచాడుగా పెట్టి ఫ్రీజర్‌లో గట్టిపడ్డాక డబ్బాలోకి మార్చుకుంటే రెండు మూడు వారాలు ఉంటాయి. కోల్డ్ కాఫీలోనో వేడి చాక్లెట్ పాలలోనో కరిగించకుండా అలాగే వేయాలి. కరిగించి కేకుకు రాయాలని చూస్తే నీరు, కొవ్వు విడిపోతాయి.